మా అత్తగారి వెండి, మా పాప పళ్ళు

ఇవాళ మా అత్తగారి మీద కసి తీర్చుకున్నాను. పాప పళ్ళు పుచ్చిపోకూడదని నేను ఆబిడ్స్ వెళ్ళి ఫ్లోరైడ్ పేస్టు కొని తెస్తే, ఆవిడ దానితో పూజ వెండి తోముకున్నారు. పాపకేమో బొగ్గుపొడి, పడుకునే ముందు పటికబెల్లం.

ఇదేమిటని అడిగితే, “పాలపండ్లు ఎట్లయినా ఊడేటివే గద, గింత మంచి పేస్టు ఎందుకు?” అన్నారు.

పొద్దున నాంపల్లి పళ్ళ డాక్టరు దగ్గర నాలుగేళ్ళ పాపకు పుచ్చిన పళ్ళు రెండు పీకించాల్సి వచ్చింది. ఆ ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఇంటికి రాగానే పేస్టును నా పెట్టెలో పెట్టి తాళం వేశాను.

సాయంత్రం అత్తగారు నల్లబడ్డ వెండి కుందులతో వచ్చారు. “జర పేస్టియ్యవే, రేపు శుక్రారం.”

“వెండి ఎట్లయినా నల్లబడేదే గదత్తమ్మా, గింత మంచి పేస్టు ఎందుకు?” అన్నాను.

తాళంచెవి నా కొంగునే ఉంది. మీరైతే ఇస్తారా?