ఆక్సిజన్ బండకు బొట్టు

మా పెదబయలు సంతవీధిలో వరహాలరావు వెల్డింగు కొట్టుకీ నా టీ కొట్టుకీ మధ్య ఒక్క రేకు గోడే అడ్డం. గాజువాకలో పని నేర్చి కొండెక్కిన మనిషి. మంట ముందు కూర్చున్నా కళ్ళద్దాలు పెట్టడు. "నా కళ్ళకి అలవాటేలే" అంటాడు. భార్య నూకరత్నం మొత్తుకున్నా వినడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

భక్తి మాత్రం, బాబోయ్! కొత్త ఆక్సిజన్ బండ వస్తే ఇంటికి కొత్తకోడలు వచ్చినట్టే. స్నానం, పసుపు, దండ, కొబ్బరికాయ. అవన్నీ అయ్యేదాకా ఎవరి ఇనుమూ ముట్టడు.

మొన్న కాఫీ కోతల్లో కాఫీ రైతు సుక్రు పొద్దున్నే పైకొండ నుంచి దిగాడు. భుజాన విరిగిన చక్రం, కాఫీ పళ్ళ తొక్క తీసే మిషనుది. కోసిన పళ్ళకి ఆ రోజే తొక్క తీయాలి, లేకపోతే పులిసిపోతాయి. వాళ్ళ ఏడాది కష్టమంతా బుట్టల్లో ఉంది.

"బాబూ, పళ్ళు కోసేసినాం. బేగి అతికించు."

"ఏటి బేగి? కొత్త బండొచ్చింది. రాహుకాలం పోనీ, పూజ సేత్తాను. అప్పుడు సూద్దాం."

సుక్రు నా బల్ల మీద కూర్చున్నాడు. టీ ఇస్తే ముట్టలేదు, ఎండ వంకే చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నానికి గానీ పూజ మొదలవలేదు. బండకి బిగించే రెగ్యులేటరు మీద, నూనె తగలరాదని ఇంగ్లీషులో ఎర్రగా రాసి ఉంటుంది. మనవాడు సరిగ్గా ఆ అక్షరాల మీదే బొట్టు పెట్టాడు. ఆ పైన దీపంలో మిగిలిన నువ్వులనూనె తీసి దాన్ని బిగించే మరచుట్లకి రాశాడు.

"నీ భక్తి తగలెయ్య! నూనె తగిల్తే అంటుకుంటాదని నువ్వే సెప్పేవోడివి కదా!" అని అరిచింది నూకరత్నం.

"అమ్మోరి నూనెకి దోసం ఉండదే" అంటూ రెగ్యులేటరు బిగించి బండ కుళాయి తిప్పాడు.

ఢాం! రెగ్యులేటరు భగ్గుమంది. నూకరత్నం చేతికి తడి గోనె చుట్టుకుని బండ కుళాయి కట్టేసింది. పొగ తేలాక చూద్దుం కదా, మనవాడికి కనుబొమలు లేవు. మీసం సగమే మిగిలింది. చేతులు బొబ్బలెక్కాయి. కొత్త రెగ్యులేటరు విశాఖ నుంచి రావాలి, అదీ ఎప్పటికో.

అయినా ఆ బొబ్బల చేతులే గోడ మీది అమ్మవారి పటానికి జోడించాడు. "సూసావా సుక్రూ, అమ్మోరే నన్ను కాపాడింది!"

సుక్రు విరిగిన చక్రాన్ని మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

"నిన్ను కాపాడింది బాబూ. నా పళ్ళనెవరు కాపాడతారు?"