సైరన్‌కు లేవని కుక్కపిల్ల

ఇన్నేళ్లూ దీన్ని గొంతు దాటనివ్వలేదు. ఒక కుక్కపిల్ల సంగతే కదా అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ ఎక్కడ తెల్లకుక్క కనిపించినా మా పక్క క్వార్టర్ స్వరూప మొహమే గుర్తొస్తుంది. ఆమె ఈరోజుకీ తనదే తప్పనుకుంటూ ఉంటుంది. తప్పు నాది.

ఎనభైల్లో మేం కొత్తగూడెంలో ఉండేవాళ్లం. మావారికి గనిలో క్లర్కు ఉద్యోగం. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు గారి భార్య తన డాషండ్ జాతి కుక్కను నాకిచ్చింది. పొడుగు ఒళ్లు, పొట్టికాళ్లు, బూడిదరంగు మీద సిరా చిందినట్టు నల్లమచ్చలు. దాని పేరు చుక్కి. దీన్ని ఒకే రంగున్న కుక్కతోనే కలపండి, మచ్చలదానితో మాత్రం వద్దు అని ఆవిడ మరీ మరీ చెప్పింది. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు. అడిగితే మాత్రం ఊరుకునేదాన్నా? వద్దన్న చోటే నా బుర్ర కాపురం పెడుతుంది.

మొదటిసారి నల్లకుక్కతో కలిపితే పిల్లల్లో సగం నల్లవి, సగం మచ్చలవి పుట్టాయి. అప్పటి నుంచి ఒకటే పురుగు తొలిచింది. తండ్రికి కూడా మచ్చలుంటే? అన్నీ మచ్చలవే పుడతాయా? మచ్చలు రెట్టింపవుతాయా? పాల్వంచలో ఒకరింట్లో మచ్చల మగకుక్క ఉందని తెలిసింది. చుక్కిని బుట్టలో పెట్టుకుని బస్సెక్కాను. పశువుల దవాఖానాకు తీసుకెళ్తున్నానని మావారికి చెప్పాను.

ఈసారి ఒకటి నల్లది, రెండు మచ్చలవి పుట్టాయి. నాలుగోది మల్లెపువ్వులా తెలుపు. దానికి ఒక కన్ను నీలం. రెండు మచ్చలు కలిస్తే తెలుపెలా వచ్చింది? నా ఆనందం ఇంతా అంతా కాదు. వాడకట్టంతా వచ్చి చూసిపోయింది.

గని సైరన్ మోగితే మా వాడలో కుక్కలన్నీ మెడలెత్తి ఊళ పెట్టేవి. చుక్కి కూడా పెట్టేది. నల్లపిల్లా మచ్చలపిల్లలూ బెదిరి తల్లి కిందికి దూరేవి. తెల్లది మాత్రం హాయిగా నిద్రపోయేది. ఒకరోజు దాని వెనక కూర్చుని గరిటెతో పళ్లెం మీద గట్టిగా కొట్టాను. చెవి కూడా ఆడించలేదు. మర్నాడు మళ్లీ కొట్టి చూశాను. దానికి పుట్టు చెవుడు.

స్వరూప భర్తకు రాత్రి షిఫ్టు. పగలంతా నిద్ర. ఇంట్లో కుక్క అరిస్తే అతను ఊరుకోడని, ఆమె ఎంత ముచ్చటపడ్డా పెంచలేదు. ఈ తెల్లదాన్ని చూసి, సైరన్‌కు కూడా అరవదేందని ఆశగా అడిగింది. నెమ్మదైన రకం అన్నాను. ఎంత తేలిగ్గా అన్నాను! చెవుడని చెబితే బస్సెక్కిన సంగతీ, ఇంజనీరు గారి భార్య వద్దన్న సంగతీ అన్నీ బయటికొస్తాయి. ఇంతకీ నేను భయపడింది ఎవరికి? మావారికా, వాడకట్టుకా? ఇప్పటికీ తేల్చుకోలేను. స్వరూప దాన్ని కొంగులో చుట్టుకుని తీసుకెళ్లి ముత్యం అని పేరు పెట్టుకుంది.

అప్పుడైనా నా కుతూహలం చల్లారిందా? లేదు. చెవులు వినపడని కుక్క మనుషుల్ని ఎలా గుర్తుపడుతుందో చూడాలని గోడ మీంచి కనిపెట్టేదాన్ని. అరుగు మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నా, స్వరూప అడుగు పడితే చాలు, బండ అదురుకు లేచి తోక ఊపేది. ఆమె భర్త నడిస్తే లేచేది కాదు. ఒకసారి నేనే వెళ్లి ఆమెలాగే నడిచి చూశాను. కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకుంది.

ఒక మధ్యాహ్నం ఇళ్లకు బొగ్గు పోసే ట్రాక్టర్ మా సందులోకి వెనక్కి వస్తోంది. ముత్యం దానికి వీపు పెట్టి, అదురు తెలియని మెత్తటి మట్టిదారిలో ఏదో వాసన చూస్తోంది. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. స్వరూప గేటు దగ్గర నిలబడి పిలుస్తూనే ఉంది. నేను బట్టలు ఆరేస్తున్నాను. ఆ హారన్ పనికిరాదని ఆ సందులో తెలిసింది నాకొక్కదానికే. నేను పరుగెత్తేసరికి అంతా అయిపోయింది.

సాయంత్రం స్వరూప మా గడపలో కూలబడింది.

“గేటు నేనే ఎయ్యలే అక్కా. గొంతు పోయేదాక పిలిచిన. తిరిగి గూడ సూడలే.”

“ఊకో స్వరూపా.”

“గిన్ని రోజులు పక్కల పండవెట్టుకున్న. నేను పిలిస్తే ఎందుకు రాలే? నేనంటే దానికి ఇష్టమే లేకుండెనా?”

“కొన్ని కుక్కలు గట్లనే ఉంటయి,” అన్నాను.

ఆ తర్వాత ఎవరు కుక్కపిల్లను ఇస్తామన్నా, నా దగ్గర ఉండవులే అనేది. కొన్నాళ్లకు వాళ్లు తల్లాడ వెళ్లిపోయారు. చుక్కిని నేను మళ్లీ కలపలేదు. చాలా ఏళ్లకు ఒక పశువుల డాక్టరు వివరం చెప్పాడు. మచ్చలిచ్చే గుణం తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క వైపు నుంచే వస్తే అందం. రెండు వైపుల నుంచీ వస్తే రంగును చెరిపేస్తుంది. చెవి లోపల కూడా ఆ రంగు ఉండాలట, లేకపోతే వినపడదట. ఎంత చిత్రం! విన్నప్పుడు ముందు ఆశ్చర్యపోయాను, ఆ తర్వాతే సిగ్గుపడ్డాను. నా బుద్ధి ఇంతే.

ఆ సాయంత్రం ఆమె అడిగినదానికి జవాబు నా దగ్గరే ఉంది. వాడలో అన్ని అడుగుల్లోకీ ముత్యం ఆమె అడుగుకే లేచేది. పరీక్షించి మరీ తెలుసుకున్నదాన్ని. ఆ మాట చెప్పాలంటే చెవుడు సంగతి కూడా చెప్పాలి. అందుకని రెండూ మింగేశాను.

ఇన్నాళ్లకు చెప్పాను, అదీ ఆమెకు కాదు, మీకు. దీంతో ఆమెకు ఒరిగేదేమీ లేదు. నా గొంతు మాత్రం కాస్త వదులైంది.