బ్రేకులో గాలి

తొంభైల చివర్లో మేం యాప్రాల్‌లో ఉండేవాళ్లం. మా ఆయన దగ్గర మిలటరీ వేలంలో కొన్న పాత జీపు ఉండేది. నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి శామీర్‌పేట బురదలో కూడా ఆగదని తెగ పొగిడేవాడు. ఆదివారం వస్తే మాత్రం దాని కిందే పడుకునేవాడు.

ఒకసారి నా పప్పుగిన్నెలో కిరసనాయిలు పోసి బేరింగులు నానబెట్టాడు. కోపమొస్తే నేను అరవను, మాట మానేస్తాను. ఆ రోజు నుంచి మానేశాను.

తర్వాతి ఆదివారం, బౌరంపేట్‌లో తుక్కుకు పోతున్న ఇంకో జీపు నుంచి తెచ్చిన బ్రేకు సామాన్లు ముందు చక్రాలకు బిగించాడు. అలా విప్పి బిగిస్తే బ్రేకు ఆయిల్ పైపుల్లోకి గాలి చేరుతుంది. అది పోవాలంటే పైన ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, కింద ఒకరు నట్టు వదులు చేయాలి. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

"బ్రేకు తొక్కెటోళ్లు ఒకలు కావాలె," అన్నాడు, జీపుతో చెబుతున్నట్టు.

తరుగుతున్న బెండకాయలు పక్కన పెట్టి, వెళ్లి సీట్లో కూర్చున్నాను.

"తొక్కు."

"తొక్కిన."

"గట్టిగ పట్టు. ఇగ ఇడువు."

మళ్లీ అవే మాటలు, మళ్లీ మళ్లీ. మొదట కసిరినట్టు అన్న నా "తొక్కిన" మెల్లగా మామూలు గొంతులోకి వచ్చింది. పాదం కింద మెత్తగా కుంగిపోయే పెడల్ గాలి పోయి గట్టిపడింది.

"అయిపోయింది, దిగు," అన్నాడు కింది నుంచి.

నాకు దిగబుద్ధి కాలేదు.

"ఇంకా జర గాలి ఉన్నట్టుంది, చూడుండ్రి," అన్నాను.

లేదని ఆయనకు తెలుసు. కింద మళ్లీ నట్టుకు పానా తగిలించిన చప్పుడైంది.

"అయితే తొక్కు," అన్నాడు.