చూసినవాళ్ళెవరట?

మా చిన్న ఆడపడుచు ఎవరేం చెప్పినా నమ్మదు. "ఎవరు చూశారు?" అంటుంది. అందుకే ఇంట్లో దానికి ప్లీడరమ్మ అని పేరు. ఒకసారి నాలుగింటి బస్సు వెళ్ళిపోయిందని స్టాపులో పాతికమంది చెప్పుకుంటున్నారు. వెళ్ళగా చూసినవాళ్ళు చెయ్యెత్తండి అంది. ఒక్క చెయ్యీ లేవలేదు. జనం గొణుక్కుంటూ నడిచిపోయారు. పావుగంటకు వచ్చిన బస్సులో నేనూ అదీ కాళ్ళు చాపుకుని కూర్చున్నాం.

కూర ఉప్పు కషాయమని మా అత్తగారు అంటే, ముద్ద నోట్లో పెట్టావా అని నిలదీసింది. పెట్టలేదు. రంగు చూసి చెప్పారట.

అలాంటి పిల్ల ఎమ్మెస్సీ బయోఇన్ఫర్మాటిక్స్‌లో చేరింది. ఏడో తరగతితో ఆగిపోయిన నాకు అర్థమైనంతవరకు, మన ఒంట్లోని జన్యువుల రాతంతా కంప్యూటర్లో ఉంటుంది. ఏ జన్యువు ఏం చేస్తుందో పక్కన ఎవరో పట్టికల్లో రాసిపెడతారు. ఆ రాతను నమ్మి మిగతావాళ్ళు లెక్కలు కట్టుకుంటారు. దీని బండి మాత్రం ఒక జన్యువు దగ్గర ఆగిపోయింది. అది గుండెను పాడుచేస్తుందని రాసి ఉంది. ఎవరు చూశారని వెతుక్కుంటూ పోయింది. మొదటి పట్టిక రెండోదాన్ని చూపించింది, రెండోది మూడోదాన్ని, మూడోది తిరిగి మొదటిదాన్ని. పరీక్ష చేసి చూసిన నాథుడు లేడు. అందరూ అలాగే రాస్తున్నారు, నువ్వూ రాసెయ్యమన్నారట దాని చదువు చూసే గైడు. రాయనంది. అయితే నీ థీసిస్ మీద సంతకం పెట్టనన్నారాయన. తోటివాళ్ళు పట్టాలు పుచ్చుకుని ఉద్యోగాల్లో చేరారు. ఇది ఇంట్లో బీన్స్ తుంచుతూ కూర్చుంది.

అప్పటికి మా ఆయన పోయి పదకొండు నెలలు. మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఆయన గుండెనొప్పని మొత్తుకున్నా నేను టీవీ ముందు నుంచి కదల్లేదని బంధువుల్లో ఒక మాట పుట్టింది. వినగా వినగా నాకే అనుమానం పట్టుకుంది, పిలిచారేమో, నాకు వినపడలేదేమో అని. గడప దాటడం మానేశాను.

ఒక ఆదివారం మా అత్తగారి చెల్లెలు వచ్చి నా ముందే ఆ మాట ఎత్తింది. ప్లీడరమ్మ బీన్స్ పక్కన పెట్టి నోటుపుస్తకం తెచ్చుకుంది.

"నీకెవరు చెప్పారు పిన్నీ?"

"మీ అక్కే చెప్పిందే."

వాళ్ళక్కకు, అంటే మా పెద్దాడపడుచుకు, ఫోను చేసింది. పక్కింటావిడ అందట. గోడ మీంచి పక్కింటావిడను పిలిచింది. ఆవిడ తడి చేతులతో వచ్చి, "మీ పిన్నిగారే కదండీ నాతో అన్నది" అంది.

అంతా నోటుపుస్తకంలో గీసింది: ముగ్గురు మనుషులు, మూడు బాణాలు. గుండ్రంగా తిరిగి పిన్ని దగ్గరికే వచ్చాయి. ఆ బొమ్మను అందరికీ తిప్పి తిప్పి చూపించాక, ప్లీడరమ్మ నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఆ రోజు అన్నయ్య దగ్గర ఉన్నది నువ్వొక్కదానివే వదినా. నిన్ను మాత్రం ఎవరం అడగలేదు. చెప్పు."

చెప్పాను. ఇద్దరం కలిసే తిన్నాం. కూర బాగుందని మళ్ళీ వేయించుకున్నారు. ఎండ పడుతోంది, కిటికీ మూయమని పడుకున్నారు. నేను ఆ మంచం పక్కనే బట్టలు మడతపెడుతున్నాను. పిలవలేదు. పిలిచి ఉంటే వినపడేది.

పొల్లుపోకుండా రాసుకుంది. పిన్ని చీర సర్దుకుంటూ లేచింది.

"సరేలేవే, ఇంక ఆ కాగితం చించెయ్."

"చించను పిన్నీ. ఆ పట్టికలకు ఇలాంటి బొమ్మే గీసి చూపిస్తే మా గైడు కూడా చించెయ్యమన్నారు. నిన్ననే దిగొచ్చి సంతకం పెట్టారు."

పదకొండు నెలల తర్వాత నాకు నవ్వొచ్చింది. చూసేవాళ్ళున్నారు కదా అని ఆపుకోలేదు.