ఆయుధ పూజలో పోయిన ఉత్తరాలు

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. తిరుపతిలో పద్నాలుగేళ్లు కంప్యూటర్లు బాగుచేశాను. "సార్, దానంతట అదే ఆన్ అవతా ఉండాది, ఏదో పట్టుకోనుండాది" అంటూ మోసుకొచ్చినవాళ్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు. విప్పి చూస్తే ఒకదాంట్లో స్విచ్చు ఇరుక్కుని ఉంటుంది, ఇంకోదాంట్లో బల్లి చచ్చి ఉంటుంది. ఆ బల్లిని కాగితంలో చుట్టి వాళ్ల చేతికే ఇచ్చేవాణ్ణి.

కాబట్టి నేను కథ అల్లుతున్నానని ఎవరూ అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చూసినవాళ్లం నలుగురం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. మా అక్క సరోజ చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆఫీసు పని చూసేది. పదకొండేళ్ల సర్వీసు. టైపు మిషను కాలం నుంచి కంప్యూటరు వచ్చేదాకా అదే బల్ల, అదే కుర్చీ. పెద్ద ఓనరు ఫ్యాక్టరీలో కూర్చునేవాడు. ఆయన కొడుకు, చిన్న ఓనరు, మద్రాసు ఆఫీసు చూసేవాడు. మద్రాసుతో నడిచే మాటలన్నీ అక్క రాసే ఈమెయిళ్లలోనే.

మా వైపు ఆయుధ పూజకు ఫ్యాక్టరీలో తిరిగే ప్రతి వస్తువునూ తోమి కడుగుతారు. బాయిలరుకు విభూతి పట్టీలు, డబ్బాలు మూసే మిషనుకు పూలదండ, లారీ టైర్ల కింద నిమ్మకాయలు. కంప్యూటరుకూ బొట్టు తప్పదు. ఆ ఏడు పెద్ద ఓనరు అక్కతో, "పైన తుడిస్తే సాలదమ్మా, దాని లోపల చెత్త కూడా తియ్" అన్నాడట.

అక్క భక్తిగా కూర్చుని అక్కర్లేని పాత ఉత్తరాలు తీసేసింది. ఖాళీలు పోయేలా మిగతావాటిని దగ్గరగా సర్దమంటావా అని మెయిల్ ప్రోగ్రామ్ అడిగింది. సర్దమంది. అది సర్దుతుండగానే పూజ వేళయింది. ఆ వేళకు ఏ యంత్రమూ నడవకూడదని ఎలక్ట్రీషియన్ ఏకాంబరం మెయిన్ స్విచ్చు దించేశాడు. యూపీఎస్ ఉంటే కాపాడేదే. కానీ దాని బ్యాటరీని కూడా పూజ కోసం ఊడదీసి కడిగి, ఛార్జింగుకని షాపుకు పంపేశాడు ఆ మహానుభావుడు.

ఆ ప్రోగ్రామ్ ఉత్తరాలన్నిటినీ ఒకే పెద్ద ఫైల్లో పెట్టుకుంటుంది. సర్దుడు మధ్యలో కరెంటు పోతే ఆ ఫైలు పాడైపోతుంది. పండగయ్యాక తెరిస్తే ఒక్క ఉత్తరం లేదు. పోతే పోయాయిలే అనుకుని అక్క కంప్యూటరు మీద గుడ్డ కప్పేసింది.

రెండు రోజులకు నెత్తిన పిడుగు పడింది. సరుకంతా వెనక్కి పంపుతున్నామని విదేశాల్లో కొన్నవాళ్లు ఫ్యాక్స్ పెట్టారు. చక్కెర కలిపిన గుజ్జు డబ్బాల మీద చక్కెర లేదని లేబుల్ ఉంది. నిజానికి ఆ తప్పును అక్క లోడు ఎక్కకముందే పట్టుకుంది. ఆపమంటారా అని చిన్న ఓనరుకు మెయిల్ రాసింది. పర్లేదు, పంపెయ్ అని ఆయన జవాబిచ్చాడు. ఇప్పుడేమో, నాకు ఏ ఉత్తరమూ రాలేదు, నేనేమీ రాయలేదు అంటున్నాడు.

ఆ రోజుల్లో ఉత్తరం ఒకసారి మన కంప్యూటర్లోకి దిగిందంటే బయట ఇంకెక్కడా మిగిలేది కాదు. మద్రాసు కంప్యూటరేమో చిన్న ఓనరు చేతిలో ఉంది. అక్క నిర్దోషి అని చెప్పగలిగింది ఆ ఫైలొక్కటే.

తప్పంతా తనదేనని అక్క ఒప్పుకుని ఉద్యోగం మానేస్తున్నట్టు ఒక కాగితం తయారుచేయించారు. సంతకానికి సోమవారం సాయంత్రం నాలుగింటి దాకా గడువు. పాత టైపు మిషను మీద ఆ కాగితం కొట్టింది కూడా అక్కే. ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"రే అబ్బోడా, నేను తప్పు సేయలేదురా. నేను రాసిన జాబు యాడుండాదో నువ్వే తీసియ్యాల" అంది ఫోనులో.

సోమవారం పొద్దున్నే ఖాళీ హార్డ్ డిస్కు ఒకటి తువ్వాల్లో చుట్టుకుని చిత్తూరు బస్సెక్కాను. నేను వెళ్లేసరికి పెద్ద ఓనరు కంప్యూటరు పక్కనే కుర్చీ వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. తమ్ముణ్ణి కదా, దొంగ ఉత్తరం పుట్టిస్తానేమోనని అనుమానం. "నువ్వు కానియ్ అబ్బా, నేను సూస్తా కూసుంటా" అన్నాడు.

ఫైలు పాడైనా అందులోని అక్షరాలు డిస్కు మీద కొన్నాళ్లు అలాగే ఉంటాయి. అక్క ముట్టుకోకుండా గుడ్డ కప్పడం ఎంత మంచిదైందో. డిస్కు మొత్తం మొదటినుంచి చివరిదాకా చదివి, ఉత్తరం ముక్కలు కనిపించినచోటల్లా ఏరి, అతికించి, రెండో డిస్కులో పెట్టే ప్రోగ్రామ్ ఒకటి నా దగ్గరుంది. పని పూర్తయితేనే ఉత్తరాలు కనిపిస్తాయి. మధ్యలో ఆగితే మళ్లీ మొదటికే.

డిస్కు ముసలిది. రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది. మూడోసారి మొదలుపెట్టేసరికి ఒంటిగంటన్నర. ఇదీ ఆగితే గడువులోపు ఇంకోసారికి టైము లేదు. అక్క నా వెనక నిలబడి పెదాలు కొరుక్కుంటోంది.

సగం దాటాక, రెండున్నరకు, కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. ట్యూబులైటు ఆరింది. సీజను అయిపోయింది కాబట్టి జనరేటరు కూడా లేదు. నేను కళ్లు మూసుకుని గట్టిగా ఒక బూతు మాట అన్నాను, ఓనరు ముందే. కళ్లు తెరిచేసరికి తెర మీద అంకె కదులుతోంది. యాభై ఎనిమిది శాతం. యాభై తొమ్మిది.

బ్యాటరీ లేని యూపీఎస్ డబ్బా పక్కన గోడవారగా ఉంది. కంప్యూటరూ, మానిటరూ, ప్రింటరూ మూడూ ఒకే బోర్డుకు తగిలించి, ఆ బోర్డును నా చేత్తోనే గోడ ప్లగ్గులో పెట్టాను. ప్రింటరు లైటు ఆరిపోయి ఉంది. మిగతా రెండూ నడుస్తున్నాయి.

లైను పోయిందని చెప్పడానికి వచ్చిన ఏకాంబరం గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఇదెట్ట నడస్తా ఉండాదన్నా?" అని, జేబులోంచి టెస్టర్ తీసి బోర్డులో పెట్టాడు. వెలగలేదు. గోడ ప్లగ్గులో పెట్టాడు. అక్కడా వెలగలేదు. ప్లగ్గు పీకి చూద్దామని చెయ్యి పెట్టబోతే అక్క ఆ చేతిమీద ఒక్కటేసింది.

"దాని జోలికి పోవద్దు. పని సేసుకోనీ దాన్ని" అంది.

నలుగురం తెర మీది అంకెనే చూస్తూ ఉన్నాం. కేబినెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా, సన్నగా అదురుతోంది. నా వాచీ ప్రకారం ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. వంద శాతం అయింది. వరస కట్టి ఉత్తరాలు దిగాయి, ఆరువందలకు పైగా. చిన్న ఓనరు పేరు కొట్టి వెతికాను. అక్క రాసిందీ, దాని కిందే ఆయన జవాబూ, తేదీలతో సహా కనిపించాయి.

నాకు ఈల వెయ్యాలనిపించింది. వేశాను కూడా.

పెద్ద ఓనరు కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివాడు. లేబుల్ సంగతి వదిలెయ్, లోడు ఎక్కించు, నేను చూసుకుంటా. కొడుకు మాటలవి. ఆయన ముఖం మాడిపోయింది. ప్రింటు తియ్యమన్నాడు. ప్రింటరు ఎక్కడ పనిచేస్తుంది?

అప్పుడు మా అక్క చేసిన పని నేను చచ్చేదాకా మరవను. తాను సంతకం చెయ్యాల్సిన కాగితాన్ని వెనక్కి తిప్పి, పెన్నుతో సహా ఆయన ముందు పెట్టింది. "మీ సేత్తో మీరే రాసుకోండి సార్. కింద సంతకం పెట్టండి" అంది.

ఆయన రాశాడు. అక్షరం అక్షరం చూసుకుంటూ రాసి, సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టాడు. "తప్పయిపోయినాదమ్మా సరోజా" అన్నాడు. ఆ మాట పూర్తవుతూనే తెర ఆరిపోయింది. కేబినెట్ అదురు ఆగింది.

కరెంటు వచ్చేసరికి మూడున్నర దాటింది. ఏకాంబరం సబ్‌స్టేషనుకు పోయి కనుక్కున్నాడు. ఆ గంటా మా లైను పూర్తిగా బంద్. పక్క లైను నుంచి దొంగ కరెంటు ఏమైనా వచ్చిందా అని వైరింగ్ అంతా వెతికాం. ఏమీ లేదు. ఆ కంప్యూటరును తిరుపతికి తెచ్చి, నడుస్తుండగా ఆరుసార్లు ప్లగ్గు పీకి చూశాను. ఆరుసార్లూ చటుక్కున ఆగిపోయింది. పవర్ సప్లైలో కాస్త నిల్వ ఉంటుందని నాకూ తెలుసు. అది రెప్పపాటుకు మించి రాదు.

బొట్టు పెట్టి పూజ చేశాం కదా, యంత్రం మాట నిలబెట్టుకుందని ఏకాంబరం అంటాడు. కొంప ముంచింది ఆ పూజే కదరా అని నేనంటాను. ఇద్దరం పోట్లాడుకుంటాం, ఏమీ తేలదు. అక్కనడిగితే, "కరెంటు యాణ్ణించి వచ్చిందో నాకెందుకురా? నేను జాబు రాసినానని తేలింది, నాకది సాలు" అంటుంది.

అక్క ఆ ఫ్యాక్టరీలోనే ఇంకో పన్నెండేళ్లు పనిచేసింది. రిటైరైన రోజు డబ్బాలు ప్యాక్ చేసే ఆడవాళ్లంతా షెడ్డు నిండా కూర్చున్నారు. చిన్న ఓనరే లేచి, శాలువా తెచ్చి, తల వంచి ఆమె చేతికిచ్చాడు.

నేను నేర్చిన విద్యలో ఆ ఇరవై ఆరు నిమిషాలకు జవాబు లేదు. ఇన్నేళ్లు వెతికాను, దొరకలేదు. ఆ రోజు షెడ్డులో మాత్రం అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.