లోపలికి దిగిన గడ్డ

మెదక్‌లో నా చిన్నప్పుడు మా పక్కింట్లో గాజులమ్మే ఖాలా ఉండేది. ఉర్దూలో పిన్నిని అలా పిలుస్తారు. మా వాడలో అందరికీ ఆమె ఖాలాయే. పిల్లలు లేని మనిషి కావడంతో, బడి వదిలిన దగ్గర్నుంచి నేను ఆమె దుకాణంలోనే ఉండేదాన్ని.

ఆమె గొంతు మీద నిమ్మకాయంత గడ్డ ఉండేది. ఎవరైనా వస్తే కొంగు కప్పుకునేది. ఒక ఏడాది అది చిన్నదైనట్టు కనిపిస్తే మా నానమ్మ సంతోషపడింది. కానీ అప్పటినుంచే ఖాలా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. పడుకుంటే ఊపిరాడదు. పై అరలోని పెట్టె కోసం రెండు చేతులూ ఎత్తితే చాలు, ముఖం కమిలినట్టు ఎర్రబడి, కళ్లు తిరిగి పీట మీద కూలబడేది.

దవాఖానలో చూపిస్తే గడ్డ తగ్గలేదని, ఛాతీలోకి దిగి పెరుగుతోందని తేలింది. హైదరాబాద్‌లో పెద్ద ఆపరేషన్ చేయాలన్నారు. ఇదంతా నాకు చెప్పొద్దని పెద్దవాళ్లు అనుకున్నారట. ఖాలా సుట్టాల పెండ్లికి పోతుందని నానమ్మ చెబితే నమ్మాను.

ప్రయాణం నాడు వెళ్లేసరికి ఖాలా తన చేతి గాజులు ఒక్కొక్కటే తీస్తోంది. పెండ్లికి పోతూ గాజులెందుకు తీస్తున్నవని అడిగాను. ఆమె చేతిలోని గాజు పక్కన పెట్టింది. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా చెయ్యి తన గొంతు మీద పెట్టుకుంది.

"పెండ్లి లేదు బిడ్డా. గీ గడ్డ రొమ్ము బొక్క ఎనకకు దిగింది. ఊపిరి గొట్టాన్ని ఒత్తుతుందంట. కోసి తీస్తరు."

"మల్ల వస్తవా?"

"తెల్వదు. నాకు గూడ భయమైతుంది. రావాల్ననే పోతున్న."

ఖాలా రొమ్ము బొక్క అని చెప్పిన ఛాతీ ఎముకను కోసి గడ్డనైతే తీశారు. కానీ ఏళ్లతరబడి నలిగిన ఊపిరి గొట్టం మెత్తబడిపోయి, గడ్డ ఆసరా కూడా పోయేసరికి ముడుచుకుపోయిందట. ఖాలా తనంతట తాను ఊపిరి తీసుకోలేకపోయింది.

కబురు వచ్చిన పొద్దున ఇంట్లో అందరూ నన్ను చూసి మాటలు ఆపేశారు. పెండ్లి ఇంకా అయిపోలేదని నానమ్మ ఏదో చెప్పబోయింది. "ఖాలా సచ్చిపోయిందా?" అని అడిగాను. నానమ్మ నన్ను ఒడిలోకి లాక్కుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ పెండ్లి మాటే నమ్మి ఉంటే, అందరూ ఏడుస్తున్న ఇంట్లో నేనొక్కదాన్నే వాకిట్లో కూర్చుని ఆమె కోసం ఎదురుచూస్తూ ఉండేదాన్ని.

ఇప్పుడు మా ఆయన మంచం పట్టాడు. తాతకు తగ్గుతుందా అని మనవరాలు అడిగితే, కోడలు కళ్లతోనే వద్దంటున్నా, నాకు తెలిసినంత చెబుతున్నాను. విని ఆ పిల్ల ఏడిస్తే ఊరుకోబెట్టను. ఏడుపు తీరేదాకా పక్కనే కూర్చుంటాను.