శ్రావణి ఇవ్వని కమాండ్

గత డిసెంబరు రెండో శనివారం, ఉదయం పది గంటల పది నిమిషాలు. అప్పటిదాకా నేను దయ్యాలనూ మహిమలనూ నమ్మినదాన్ని కాదు. ఆ తరువాత కూడా నమ్మడం మొదలుపెట్టలేదు. కాలేజీలో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. జరిగింది జరిగినట్టు రాయడమే నాకు తెలుసు.

నేను కౌకూర్‌లో ఉంటాను. శామీర్‌పేట వైపున్న మా కాలేజీలో ఆడపిల్లల కవాతు దళం ఉంది. రిటైరయ్యాక కూడా వాళ్ల సాధనకు స్టాప్‌వాచ్ పట్టేది నేనే. ఏటా చేరేవాళ్లలో సగం మంది మొదటి నెలలోనే మానేస్తారు. మిగిలినవాళ్లు తెల్లవారకముందే లేచి ఖాకీ బట్టలకు గంజి పెట్టి ఇస్త్రీ చేస్తారు, బూట్లను ముఖం కనిపించేదాకా రుద్దుతారు. ముప్పై ముగ్గురి మడమలు ఒక్క చప్పుడుగా నేలను తాకుతుంటే ఈ వయసులో కూడా నా వెన్ను నిటారుగా అవుతుంది.

నిరుడు దళానికి నాయకురాలు శ్రావణి. వాళ్ల నాయిన శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. పోటీలో ఉత్తమ నాయకురాలిగా నిలిచిన అమ్మాయికి ఢిల్లీ కవాతు శిబిరానికి పిలుపు వస్తుంది. శ్రావణిది చివరి సంవత్సరం. మళ్లీ అవకాశం లేదు.

పోటీ మేడ్చల్‌లో, వేరే కాలేజీ మైదానంలో. వారం రోజులు చలిలో అరిచి అరిచి, ఆ ఉదయానికి ఆ పిల్ల గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. పేరు ఇచ్చాక నాయకురాలిని మార్చకూడదు. ఆమె తప్పుకుంటే దళమంతా తప్పుకోవాలి.

ముందు వరుసలో నడిచే మేరీ ఆమె టోపీ సరిచేస్తూ, "నీ గొంతుకు కోడిపిల్ల గూడ కదలది గని, నువ్వు ముంగట నిలవడు చాలు. ఏడ తిరగాల్నో మాకు నోటికొచ్చు గదనే. లెక్కవెట్టుకొని తిరుగుతం. కమాండ్ మార్కులు పోతే పోనియ్, కప్పన్న దక్కుతది" అంది. శ్రావణి నవ్వబోయి దగ్గింది.

నేను మైదానం అవతలి కొసన కూర్చున్నాను. మైకుల హోరు భరించలేక వినికిడి మిషను తీసి సంచిలో వేశాను. అది లేకపోతే పక్కమనిషి మాట కూడా నాకు ముద్దగానే వినిపిస్తుంది.

పిల్లలు బాగా నడిచారు. లెక్క ఎక్కడా తప్పలేదు. అప్పుడు చూశాను. మా మైదానంలో వందన వేదిక కుడివైపున ఉంటుంది. అక్కడ ఎడమవైపున ఉంది. నేర్చుకున్న వరస ప్రకారం ఇప్పుడు వాళ్లు కుడికి తిరగాలి. తిరిగితే ముప్పై ముగ్గురూ వేదికకు వీపు పెట్టి మైదానం దాటిపోతారు.

శ్రావణి కూడా అప్పుడే చూసినట్టుంది. గడ్డం పైకి లేచింది.

"బాయే ముడ్."

ఎడమకు తిరగమని కమాండ్. నేను విన్నాను. ముద్దగా కాదు, ప్రతి అక్షరం విడివిడిగా. అది శ్రావణి గొంతే, పోకముందరి గొంతు. దళమంతా ఒక్క మడమ మీద ఎడమకు తిరిగింది.

పోటీ అయ్యాక మిషను పెట్టుకుని పిల్లల దగ్గరికి వెళ్లాను. న్యాయనిర్ణేత మా దగ్గరికి వచ్చాడు. ఆయన సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యాడు. కవాతు సాగినంతసేపూ శ్రావణికి చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే నడిచాడు.

"మేడమ్, గీ పోరి నోరు కదిలిచ్చింది, గంతే. ఆవాజ్ ఏడున్నది? నేనేం మార్కులెయ్యాలె?"

"గదేంది సార్, ఎడమకు తిరుగుమన్నది సాఫ్‌గ ఇనబడ్డది గద" అంది మేరీ.

ఆయన దళంలో వెనక వరుసవాళ్లను ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగాడు. అందరూ అదే చెప్పారు. నేనూ విన్నానన్నాను. అప్పుడు మిషను సంచిలో ఉన్న సంగతి కూడా చెప్పాను. ఆయన సంచి వంక, నా వంక మార్చి మార్చి చూశాడు.

చివరికి శ్రావణితో, "ఏమో బిడ్డా, గాలికి నాకే ఇనరాలేదేమో. నువ్వే జెప్పు. ఇచ్చిన్నంటే మార్కులేస్త" అన్నాడు.

తల నిలువుగా ఊపితే ఢిల్లీ. దళమంతా ఆమెనే చూస్తోంది. శ్రావణి సావధాన్‌లో నిలబడి, ఆయన కళ్లలోకి చూస్తూ, తల అడ్డంగా ఊపింది.

ఆయన వెళ్లాక శ్రావణి నా చెవి దగ్గరికి వంగి ఊపిరితోనే చెప్పింది. "నాక్కూడ ఇనబడ్డది మేడమ్. కని నేను ఇయ్యలే."

గుంపులోంచి ఎవరైనా అరిచారా అంటే, నా పక్కన కూర్చున్నవాళ్లు ఏమీ వినలేదన్నారు. పిల్లలు వేదికను చూసి తమంతట తామే తిరిగారా అంటే, ఒక్కరైనా అర క్షణం తడబడేవారు. ఎవరూ తడబడలేదు. ఇంతకు మించి నాకు తోచలేదు, ఇప్పటికీ తోచడం లేదు.

పోయినవి ఇవి. కమాండ్‌కు ఇచ్చే ఇరవై మార్కులు, మొత్తం. వాటితో కప్పు. శ్రావణికి ఢిల్లీ పిలుపు. గొంతు పదకొండో రోజున తిరిగి వచ్చింది కాబట్టి దాన్ని ఇందులో కలపలేదు.